సగటు లెక్కయు చివరి మడియు

సహకార సంఘ పత్రికలో విత్తనములను గూర్చియు ఎరువులను గూర్చియు వ్రాయవలసిన వ్యవసాయ ప్రదర్శకుడు ప్రజారోగ్యమును గూర్చి వ్రాయుటేమి యని సభ్యులలో కొందరు ఆశ్చర్యపడవచ్చును. వైద్యము నా వృత్తి కాదు. అయినను ఒక రైతు పొలమున పంట యెందుకు తగ్గినదో, సంఘపు బాకీ యెందుకు తీరలేదో విచారింపబోయినపుడు పలుమారులు ఆ త్రోవ నన్ను పొలము గట్టుమీదుగా ఆసుపత్రి వాకిటికే కొనిపోయినది. కావున ఈ నాలుగు మాటలు వ్రాయ సాహసించుచున్నాను.

కొన్ని యేండ్ల క్రిందట కాలువ చివరనున్న యొక గ్రామమునకు వరి చేలను చూచుటకై పోయితిని. సంఘ సభ్యుడైన యొక రైతు రెండెకరముల చేను పసుపువారి, పిలకలు లేక పలుచగా నుండెను. అతడు సంఘమునుండి పంటరుణము తీసికొన్నాడు గాని ఎరువు వేయలేదు. నేను నా పుస్తకములో "సకాలమున ఎరువు వేయని అశ్రద్ధ" అని వ్రాసికొని, నలుగురి యెదుట అతనిని మందలించితిని. అతడు తలవంచుకొని నిలిచెనే గాని బదులు పలుకలేదు. ఆ యేడు బాకీదారుల పట్టికలో అతని పేరెక్కెను. నా వ్రాతయు అందులకు తోడ్పడెను.

మరుసటి సంవత్సరము అదే గ్రామమునకు పోయినపుడు అతని తల్లి నాతో నిట్లనెను: "అయ్యగారూ, మావాడు ఎరువు రూపాయలు ఎరువుకే తెచ్చినాడండి. ఆ రాత్రే కోడలికి నొప్పులు వచ్చినవి. ఒంట్లో రక్తము లేదన్నారు. పట్నము తీసుకుపోయినాము. ఎరువు రూపాయలు పోయినవి, పాడిగేదె పోయినది. కోడలు దక్కింది, బిడ్డ దక్కలేదు."

నాకు మాట రాలేదు. నేను చేనిని పరీక్షించితినే గాని ఇంటిని విచారింపలేదు. పైరునందలి నత్రజని కొరత నా కంటికి కనబడినది. ఆ తల్లి రక్తమునందలి ఇనుపకొరత కనబడలేదు. రెంటికిని మూలము ఒక్కటే యని అప్పటికి నాకు తోచలేదు. నీరు గాని, రూపాయి గాని, వైద్యము గాని ఆ యూరికి చేరునప్పటికి అడుగంటిపోవును.

దేశము సాధించినది

ముందుగా న్యాయముగా చెప్పవలసిన మాట చెప్పెదను. దేశ ప్రజల ఆరోగ్యము పూర్వముకంటె మెరుగైనది. 1951 ప్రాంతమున మన దేశమున పుట్టిన బిడ్డ సగటున 32 ఏండ్లు మాత్రమే బ్రతుకునని లెక్కలు చెప్పినవి. నేడు ఆ సగటు 70 ఏండ్లకు చేరినది. 1971 లో పుట్టిన ప్రతి వేయిమంది శిశువులలో 129 మంది ఏడాది నిండకుండగనే మరణించిరి. 2023 నాటికి ఆ సంఖ్య 25 కు దిగినది. లక్ష కాన్పులకు తల్లుల మరణములు 1997-98 లో సుమారు 400 కాగా, 2018-20 లో 97 అయినవి. మశూచికము 1975 తరువాత మన గడ్డపై పుట్టలేదు. పిల్లల కాళ్లు చచ్చుబడజేయు పోలియో దేశమున లేదని 2014 లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువపత్రము నిచ్చినది.

వీనిలో నాకు మిక్కిలి ప్రియమైనది నారికురుపు కథ. దిగుడుబావులలో దిగి నీరు త్రాగిన పేదవాని కాలిలో మూరెడు పురుగు పుట్టి, కోతలకాలమున అతనిని నెలల తరబడి మంచము పట్టించెడిది. దీనికి టీకా లేదు, నయముచేయు మందును లేదు. దిగుడుబావులను మార్చి, నీటిని గుడ్డతో వడకట్టుకొనుడని ఇంటింటికి చెప్పి, రోగులను వెదకి వెదకి లెక్కవ్రాసి, దేశము దానిని తుదముట్టించినది. 2000 లో మన దేశమునకు నారికురుపు విముక్తి గుర్తింపబడినది. చివరి యూరివరకు పోవలెనను పట్టుదలయున్నచో, మందులేని రోగమునైనను తరుమవచ్చునని దీనివలన తెలియుచున్నది.

సగటు దాచునది

అయితే సగటు అనునది మంచి సేవకుడే గాని చెడ్డ సాక్షి. పంటకోత ప్రయోగములు చేయు నాకు ఈ సంగతి బాగుగ తెలియును. ఒక గ్రామమున తూము దగ్గరి ఐదెకరములలో ఎకరమునకు 36 బస్తాలు, చివరి ఐదెకరములలో 12 బస్తాలు పండినవనుకొనుడు. సగటు 24 బస్తాలని కాగితమున వ్రాయుదుము. ఆ 24 బస్తాలు ఆ గ్రామమున ఏ రైతు కళ్లములోను లేవు. చివరి మడివాడు ఆ కాగితమును చదివినచో, ఇది ఏ దేశపు లెక్కయో యని నవ్వుకొనును.

దేశపు ఆరోగ్యమును ఇటులే చూడుడు. 2023 లో శిశుమరణముల సగటు వేయికి 25 అని చెప్పితిని. అందు పట్టణములలో 18, పల్లెలలో 28. కేరళలో 5 మాత్రమే కాగా, మధ్యప్రదేశ్, ఛత్తీస్‌గఢ్, ఉత్తరప్రదేశ్ రాష్ట్రములలో 37. తల్లుల మరణములు 2018-20 లో లక్షకు కేరళలో 19, తెలంగాణలో 43, ఆంధ్రప్రదేశమున 45, అస్సాములో 195. అస్సాము తల్లికి కాన్పు కేరళ తల్లికంటె పదిరెట్లు ప్రాణాపాయము. 2016-20 లెక్కల ప్రకారము పట్టణమున పుట్టినవాడు పల్లెలో పుట్టినవానికంటె నాలుగేండ్లకు పైగా ఎక్కువ బ్రతుకును. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేను చూచినచో, గిరిజనుల యిండ్లలోను షెడ్యూల్డు కులములవారి యిండ్లలోను శిశుమరణములు వేయికి 40 దాటినవి. కులవర్గముల పట్టికలో ఎగువనున్నవారి యిండ్లలో 28. ఒకే జెండా క్రింద ఇన్ని దేశములున్నవి.

మన తెలుగునాట దూరము పోనక్కరలేదు. నాటి నెల్లూరు జిల్లాలో ఎముకలను వంచు ఫ్లోరైడు వ్యాధిని వైద్యులు 1937 లోనే గుర్తించిరి. కారణము నీరేయని తెలిసినది. పటిక, సున్నములతో నీటిని శుద్ధిచేయు "నల్లగొండ పద్ధతి" యని ఒక పద్ధతికి మన జిల్లా పేరే పెట్టిరి. పద్ధతికి పేరు వచ్చినను ఆ జిల్లా పల్లెలు దశాబ్దముల తరబడి ఆ నీరే త్రాగి వంగిపోయినవి. 2016 లో మొదలైన మిషన్ భగీరథ నదీజలములను గొట్టముల ద్వారా తెచ్చువరకు పెక్కు గ్రామములు కాచుకొని యుండవలసివచ్చెను. శ్రీకాకుళము జిల్లా ఉద్దానమున కొబ్బరి, జీడితోటల నడుమ మూత్రపిండముల వ్యాధి ఇంటింటిని పీడించుచున్నను, దాని మూలకారణము నేటికిని నిశ్చయముగా తేలలేదు. ఇవి కాలువ చివరి మళ్లు కాక మరేమి?

వైద్యము ఎటు పారుచున్నది?

నీరు పల్లమెరుగునందురు. వైద్యము మాత్రము మెరక వైపునకే పారుచున్నది. రోగము ఎక్కువగా నున్నచోట వైద్యుడు తక్కువ, రోగము తక్కువగా నున్నచోట వైద్యు లెక్కువ. మైదాన ప్రాంతమున 5 వేలమందికొక ఉపకేంద్రము, 30 వేలమందికొక ప్రాథమిక ఆరోగ్య కేంద్రము, లక్షా యిరువదివేల మందికొక సామాజిక ఆరోగ్య కేంద్రము ఉండవలెనని నియమము కలదు. గోడలు లేచినవి, బల్లలు వచ్చినవి. కాని 2022 మార్చి నాటి ప్రభుత్వ లెక్కల ప్రకారము దేశమునందలి గ్రామీణ సామాజిక ఆరోగ్య కేంద్రములలో ఉండవలసిన నిపుణ వైద్యులలో నూటికి సుమారు 80 మంది లేరు. తూము కట్టి నీరు వదలకున్నచో తూమువలన ఫలమేమి?

ఊరిలో వైద్యుడు లేనపుడు రైతు పట్టణమునకు పోవును. 2017-18 నాటి జాతీయ నమూనా సర్వేలో, పల్లెవారు ఆసుపత్రిలో చేరినపుడు సగమునకు పైగా ప్రైవేటు ఆసుపత్రులలోనే చేరిరని తేలినది. కాన్పులు కాక తక్కిన చికిత్సలకు ప్రభుత్వ ఆసుపత్రిలో ఒక్కమారు చేరినచో సగటు వ్యయము 4,290 రూపాయలు. ప్రైవేటు ఆసుపత్రిలో 27,347 రూపాయలు. ఈ రెంటి నడుమనున్న వ్యత్యాసమే ఎందరో రైతుల యెడ్లను, గేదెలను, ఆడువారి మెడలోని బంగారమును మ్రింగివేయుచున్నది.

2007 లో ఉమ్మడి ఆంధ్రప్రదేశమున మొదలైన ఆరోగ్యశ్రీ, 2018 లో కేంద్రము ప్రారంభించిన ఆయుష్మాన్ భారత్ వంటి పథకములు పెద్ద శస్త్రచికిత్సలకు ఎందరినో ఆదుకొన్నవి. దేశమున వైద్య వ్యయములో జనులు స్వయముగా చేతినుండి పెట్టుకొను భాగము 2013-14 లో నూటికి 64 కాగా, 2021-22 లో 39 కి తగ్గినది. ఇది సంతోషకరమే. కాని ఈ పథకములు ముఖ్యముగా ఆసుపత్రిలో చేరిన తరువాత చేయు సాయములు. రక్తపుపోటునకు నెలనెలా వాడవలసిన మాత్ర, గర్భిణి తినవలసిన ఆకుకూర, పట్టణమునకు బండి కిరాయి, కూలి పోయిన దినములు, ఇవి ఆ పద్దులో చేరవు. గట్టు తెగిన తరువాత మట్టివేయుట అవసరమే. తెగకుండ కాచుట అంతకంటె చవుక.

మన యింటిలోని చివరి మడి

ఇంతవరకు వ్రాసినది చదివి, పట్టణములు మనలను దోచుకొనుచున్నవని తలయూపు సోదరులకు ఇప్పుడు కొంచెము కష్టమైన మాట చెప్పవలసియున్నది. పట్టణము ముందర మనము చివరి మడివారమే. కాని మన యింటిలో మనమే తూము దగ్గర కూర్చున్నవారము.

2019-21 సర్వేలో, 15 మొదలు 49 ఏండ్ల వయస్సుగల మన దేశ స్త్రీలలో నూటికి 57 మంది రక్తహీనత గలవారని తేలినది. అంతకు ముందటి 2015-16 సర్వేలో వీరు 53 మంది. చిన్నపిల్లలలో 59 మంది నుండి 67 కు పెరిగిరి. మరణములు తగ్గుచున్న దేశమున రక్తహీనత పెరుగుచున్నది. ఆంధ్ర, తెలంగాణ రాష్ట్రములును స్త్రీల రక్తహీనత విషయమున దేశపు సగటుకంటె మెరుగుగా లేవు. అన్నపూర్ణయని పేరొందిన నేలపై ధాన్యము పండించు చేతులే రక్తములేక పాలిపోవుచున్నవి.

దీనికి కారణము కేవలము బీదతనమని చెప్పినచో నిజము పూర్తికాదు. మన యిండ్లలో ముందు మగవారు, తరువాత పిల్లలు, అటుపిమ్మట అత్తగారు, కడపట కోడలు భుజింతురు. కడపటి కంచమునకు వచ్చునప్పటికి అన్నము మిగులును, పప్పు అడుగంటును, కూర నిండుకొనును. నాట్లువేయునది ఆమె, కలుపుతీయునది ఆమె, బిడ్డను మోయునది ఆమె. ఎరువు మాత్రము చివరి మడికి చేరదు. పైరునకు మోతాదు తప్పక వేయుడని ఊరూర బోధించిన నేను, ఇంటి యిల్లాలి మోతాదును గూర్చి ఎన్నడైన మాటాడితినా? లేదు.

ఆరోగ్యము సర్కారు పనియే గాని సంఘముల పని కాదని కొందరందురు. సర్కారు పనియే, దానిని వదలిపెట్టుమని నేననను. వైద్యమునకు డబ్బు చెల్లింపలేనంత మాత్రమున ఎవ్వరును వైద్యము లేక పోరాదని 1946 లోనే భోర్ సంఘపు నివేదిక చెప్పినది. ఆ మాట నెరవేరువరకు అడుగుచుండుట మన హక్కు. కాని అడుగువారికి లెక్క చేతనుండవలెను. మా యూరికి వైద్యుడు లేడని కేకలు వేయుటకును, మా యూరిలో ఈ యేడు ఇందరు పుట్టిరి, ఇందరు ఏడాది నిండక పోయిరి, వారిలో ఇందరు ఫలానా పేటవారు అని కాగితము చూపుటకును చాల భేదము కలదు. పల్లె గాలియే గొప్ప మందని మరికొందరందురు. 2023 లో ప్రకటింపబడిన జాతీయ పరిశోధనలో మధుమేహము పట్టణములలో నూటికి 16 మందికి, పల్లెలలో దాదాపు 9 మందికి ఉన్నదని తేలినది. పల్లె గాలి దానిని ఆపలేదు. పైగా పల్లెలో దానిని పరీక్షించువారు తక్కువ.

సంఘము చేయదగిన పనులు

1904 లో సహకార పరపతి సంఘముల చట్టము పుట్టినది రైతును వడ్డీవ్యాపారి చేతినుండి విడిపించుటకు. నేడు రైతును ఆ చేతిలోనికే మరల త్రోయుచున్న గట్టి కారణములలో రోగమొకటి. కావున ఆరోగ్యము సంఘమునకు పరాయి విషయము కాదు. ఇది మనము క్రొత్తగా కనిపెట్టు మార్గమును కాదు. కర్ణాటకమున 2003 నుండి సహకార సంఘముల సభ్యులకు "యశస్విని" యను పథకము నడచినది. మొదట తలకు ఏటా 60 రూపాయల చందాతో పేద రైతు కుటుంబములకు శస్త్రచికిత్సలు చేయించిరి. అది 2018 లో మరియొక పథకమున కలిసిపోయినను, సహకారులు కోరినందున 2022 లో తిరిగి నిలువబడినది. జపానులో నాగానో పరగణాయందలి సాకు అను చోట వ్యవసాయ సహకార సంఘముల ఆసుపత్రి కలదు. అచ్చటికి 1945 లో వచ్చిన వకత్సుకి యను వైద్యుడు రోగుల కొరకు కాచుకొని కూర్చుండక ఊళ్లకు పోయెను. 1959 నుండి యచిహో గ్రామమున ఊరందరిని ఏటేట పరీక్షించుట ఆరంభమయ్యెను. నేడు నాగానో జపానులో దీర్ఘాయువునకు పేరొందిన సీమ.

మనవంటి చిన్న సంఘములు ఆసుపత్రులు కట్టలేవు. ఈ క్రింది నాలుగు పనులు మాత్రము చేయగలవు.

మొదటిది, లెక్క. ఆశా కార్యకర్తయు, అంగన్‌వాడి కార్యకర్తయు వ్రాసికొను జననమరణములను పేటవారీగా కూర్చి, పేర్లు చెప్పక అంకెలు మాత్రము, ఏటేట మహాజనసభలో చదువవలెను. ఊరంతటి సగటును చదివి ఊరకుండరాదు. ఏ పేటలో బిడ్డలెక్కువగా పోయిరో అదియే మొదట చదువవలెను. లాభనష్టముల పట్టిక వినుటకు గంట కూర్చుండు మనము, దీనికొక పావుగంట కూర్చుండలేమా?

రెండవది, ఆపద్ధనము. సంఘపు నిబంధనల కనుగుణముగ నికరలాభములో కొంత తీసి, కాన్పులకును ఆకస్మిక రోగములకును తెల్లవారులోగా అందునట్లు స్వల్పవడ్డీకి అప్పిచ్చు నిధి నొకదానిని ఏర్పరుపవలెను. అది యున్నచో పంటరుణము ఆసుపత్రికి పోదు. పొలములేని కౌలుదారుని, కూలివానిని ఈ నిధినుండి వెలివేయరాదు. సభ్యత్వము లేనివాడే మన గ్రామపు చివరి మడి.

మూడవది, తొలకరికి ముందు పరీక్ష. విత్తనమునకు మొలకశాతము చూచుకొనునట్లే, ఆరోగ్య కేంద్రమువారిని పిలిచి, సంఘపు గిడ్డంగి యరుగుపైననే ఏటికొక దినము రక్తపుపోటు, చక్కెర, రక్తబలము పరీక్షింపించవలెను. ఆనాడు వరుసలో స్త్రీలు ముందు నిలువవలెను.

నాలుగవది, కంచము. ఇది నా వృత్తిలోనిదే గాన ధైర్యముగ చెప్పెదను. పెరటిలో రెండు మునగచెట్లు, ఒక తోటకూర మడి, గట్టున నాలుగు నిమ్మ, జామ మొక్కలు పెట్టుడు. రాగులు, నువ్వులు, వేరుసెనగ ఇంటికి కొంత ఉంచుకొని తక్కినది అమ్ముడు. గర్భిణులకు ఊరక యిచ్చు ఇనుపమాత్రలను చూరులో దోపక మ్రింగించుడు. మ్రింగిన వెంటనే తేనీరు త్రాగనీయకుడు. అది ఇనుమును ఒంటబట్టనీయదు. అన్నిటికంటె ముఖ్యముగ, ఇంటిల్లిపాదియు ఒక్కమారు కూర్చుండి భుజించు అలవాటు చేసికొనుడు. దీనికి చందా యక్కరలేదు, తీర్మానము నక్కరలేదు.

ఆ రైతు బాకీ తరువాత రెండు పంటలలో తీరినది. నా పుస్తకములోని "అశ్రద్ధ" యను మాటను కొట్టివేసితిని గాని, నలుగురి యెదుట ఆడిన మాటను కొట్టివేయలేకపోయితిని. అందుచేత నలుగురు చదువు ఈ పత్రికలో ఆ తప్పు నాదని ఒప్పుకొనుచున్నాను. ఆనాడు అశ్రద్ధచేసినవాడు ఆ రైతు కాడు. తూము దగ్గర నిలిచి సగటు లెక్క వ్రాసికొనిన మాబోటివారే.

రాబోవు మహాజనసభలో మన కార్యదర్శిగారు ఈ యేటి పంట సగటును చదువునపుడు, ఒక సభ్యుడైన లేచి, "అయ్యా, చివరి మడిలో ఎంత పండినది? చివరి పేటలో ఎందరు బిడ్డలు దక్కిరి?" అని యడిగినచో నా వ్రాత సఫలమైనదని తలంచెదను.

— ఒక వ్యవసాయ ప్రదర్శకుడు